మిర్చి లారీలకు పట్టా కట్టు: తాడు వదులైతే తరుగే

వానాకాలంలో గుంటూరు శీతల గిడ్డంగుల నుంచి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా మార్కెట్లకు పోయే మిర్చి లారీలలో పైవరుస టిక్కీలు తడిశాయని కబురు వస్తే, వర్తకులు ముందు అడిగేది పట్టాకు చిల్లు ఉన్నదా అని. తాడు సంగతి అడిగేవారు తక్కువ. చిల్లు వల్ల తడిసేది ఒకటి రెండు టిక్కీలు. తాడు వదులైతే గాలి కిందికి దూరి పట్టానే లేపుతుంది. ఇక నీరు లోడంతటికీ దిగుతుంది. ఎండుమిర్చిలో తేమ 11 శాతం మించరాదని ఆహార ప్రమాణాల నిబంధన. తడిసిన సరుకు బూజు పట్టడానికి ఎక్కువ రోజులు అక్కర్లేదు. కొన్న పార్టీ తరుగు కోయడానికి వేరే సాకూ అక్కర్లేదు.

రెండు పట్టాలు వేసేటప్పుడు వెనుక పట్టాను ముందు పరచాలి. క్యాబిన్ వైపు పట్టా దాని మీదికి రెండు మూడు అడుగులు ఎక్కి రావాలి. ఈ వరస తప్పితే ఎదురుగాలి అతుకులోనే దూరుతుంది. ముందు మూలల మడతలు వెనక్కి తిప్పి కట్టాలి. తాడు బాడీ అంచుకు ఒరుసుకునే చోట గోనె ముక్క పెట్టాలి. తెగిన తాడుకు ముడివేసి వాడటం క్లీనర్లకు అలవాటు. ముడి పడిన చోట తాడు బలం సగం దాకా పోతుంది.

తాడు రకం కూడా చూడవలసి ఉన్నది. నార తాడు వానకు బిగుస్తుంది, ఆరగానే వదులవుతుంది. నైలాన్ తాడు ఇందుకు విరుద్ధం, తడిస్తే సాగుతుంది. యార్డులో ఎండలో బిగించి పంపిన లోడు మొదటి వాన దాటేసరికి వదులైతే వింత లేదు. పాలీప్రొపిలీన్ తాడు నీరు పీల్చదు గాని ఎండకు పెళుసెక్కుతుంది. నలిపితే పొడి రాలుతుంటే దాని పని అయిపోయినట్టే. టిక్కీలు కూడా దారిలో కుంగుతాయి గనుక ఏ తాడైనా మొదటి మజిలీలోను, ప్రతి వాన తరువాతను మళ్లీ బిగించవలసిందే.

సరుకు దించాక తడి తాడును పట్టాలో చుట్టి క్యాబిన్ పైన పడేస్తారు. నార తాడు అట్లాగే కుళ్లుతుంది. పైకి బాగానే కనిపించినా, పురి విప్పితే లోపల నల్లగా ఉంటుంది. నైలాన్ కుళ్లదు గాని బ్యాటరీ యాసిడ్ తగలరాదు. ముడులు విప్పి, నీడన ఆరబెట్టి, చుట్టలుగా మేకుకు వేలాడదీయడం మంచిది.

సొంత లారీ లేని వర్తకుడికి ఇదంతా ఎందుకంటే, నష్టం ముందు తగిలేది అతనికే. 1865 నాటి క్యారియర్ల చట్టం స్థానంలో వచ్చిన 2007 చట్టం ప్రకారం, ట్రాన్స్‌పోర్టు వారిపై దావా వేయాలంటే బుకింగ్ తేదీ నుంచి 180 రోజులలోగా రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉండాలి. లెక్క సరుకు చేరిన తేదీ నుంచి కాదు. నోటీసుకు ఆధారం కావాలి గదా! వదులైన తాళ్లను విప్పక ముందే డ్రైవరుకు చూపి, దించేటప్పుడు తడిసిన టిక్కీల లెక్క డెలివరీ రశీదుపై రాయించి సంతకం తీసుకోవాలని, కొన్న పార్టీకి లారీ బయలుదేరిన రోజే ఫోనులో చెప్పి ఉంచాలి.