సైకిలువాని దారిబత్తెము

దూరప్రయాణమునకు బయలుదేరువారికి దారిబత్తెము కట్టి యిచ్చుట మన యిండ్లలో అనాదిగా వచ్చుచున్న యాచారము. ఏ తల్లియు పాచిపోయిన పులిహోరను మూట గట్టి యీయదు. కట్టుటకు ముందు వాసన చూచును, రుచి చూచును. సైకిలుపై తిరుగువానికి అదనపు ట్యూబు అట్టి దారిబత్తెమే. అయినను దానిని కొన్ననాడే సంచిలో వేసి, మరల దాని ముఖము చూడనివారే మనలో పెక్కుమంది. మేమును అట్టివారమే. మా యజాగ్రత్తవలన ఒక బాలుని సంవత్సరపు కష్టము వృథా కావలసియుండి, కొద్దిలో తప్పినది. ఆ సంగతిని, దానివలన మేము నేర్చుకొన్న విషయములను మన విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలుపుటకే యీ వ్యాసము.

మేము నడివయసున సైకిలు నేర్చినవారము. విద్యానగర్ నుండి అడిక్‌మెట్ మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణము ప్రవేశించి తార్నాక చేరు మార్గము మావంటి క్రొత్తవారికి అనువైనది. ఈ విశ్వవిద్యాలయము 1918లో స్థాపింపబడినది. దీని ఆర్ట్స్ కళాశాలా భవనము 1939లో ప్రారంభింపబడినది. తెల్లవారుజామున ఆ రాతిభవనము ముందటి దారులలో నడచువారు, పరుగెత్తువారు, సైకిలు నేర్చుకొనువారు కనబడుచుందురు. గాని దారి యంచునకు పోయినచో తుమ్మముండ్లు, గాజుపెంకులు, పల్లేరుకాయలు కాచుకొనియుండును. పల్లేరుకాయ యెట్లు పడినను దాని ముల్లొకటి పైకి నిలిచియే యుండును. ఆ వేళకు సైకిలు షాపులును తెఱువబడవు. కాబట్టి మేము సైకిలు కొన్న మొదటి వారముననే అదనపు ట్యూబు నొకదానిని కొని, స్పానరుతోపాటు సంచిలో వైచి, నిశ్చింతగా నుంటిమి. ఎనిమిది నెలలు గడచెను.

పదవ తరగతి పబ్లిక్ పరీక్షలు జరుగుచున్న దినములలో ఒక ఉదయము, ఆవరణములోని దారిప్రక్కన ఒక బాలుడు సైకిలు దిగి, దిక్కు తోచక నిలిచియుండుట చూచితిమి. ముందుచక్రమున గాలి లేదు. పరీక్షాకేంద్రము తార్నాకలో నున్నదట. "భయపడకుము నాయనా, మాయొద్ద ట్యూబు కలదు" అని మేము గొప్పగా పలికి సంచి విప్పితిమి. అతని టైరుపై 26 అని యున్నది. మా ట్యూబుపైనను 26 అనియే యున్నది. సరిపోవునని తలచి టైరు లోపలికి త్రోయగా అది లావై, ముడుతలు పడి, ఎంతకును అమరదు. బలవంతముగా నదిమి, పంపుతో గాలి కొట్టితిమి. కొట్టిన గాలి కొట్టినట్లే బుస్సుమని పోయెను. ఇరువది నిమిషములు గడచిపోయినవి. అప్పటికి మాకు బుద్ధి వచ్చి, సైకిలును ఒక కావలివానికి అప్పగించి, ఆటో పిలిచి, బాలునితో గూడ తార్నాకకు పోతిమి. లోనికి విడుచుట ముగియుటకు రెండు నిమిషములున్నవనగా అతడు గేటు దాటెను. దాటుచు వెనుదిరిగి, "మీరు లేకపోతే ఏమయ్యేదో మాస్టారూ" అనెను. మేము లేకపోయినచో ఆ బాలుడు మొదటనే ఆటో యెక్కియుండెడివాడు. ఆ మాట మాత్రము అతనితో చెప్పుటకు మాకు నోరు రాలేదు.

ఇంటికి వచ్చి ఆ ట్యూబును నీటితొట్టిలో ముంచి చూడగా, మడత పడినచోట స్పానరు కొన రాచుకొని చిన్న రంధ్రము పడియుండెను. అనగా ఎనిమిది నెలలు మేము మోసినది ట్యూబు గాదు, ధైర్యము మాత్రమే. అందులో రెండు తప్పులున్నవి: కొలత తెలియకపోవుట, పరీక్షింపకపోవుట. వానిని వివరింతుము.

ముందుగా ట్యూబు సంగతి. గాలి నింపిన చక్రము మిక్కిలి ప్రాచీనమైనది కాదు. స్కాట్లండు దేశీయుడైన రాబర్ట్ థామ్సన్ 1845లో దానికి పేటెంటు పొందినను అది వ్యాప్తిలోనికి రాలేదు. పిమ్మట బెల్‌ఫాస్ట్ నగరమున పశువైద్యుడుగా నుండిన జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రముల బండికై గాలిచక్రమును చేసి, 1888లో పేటెంటు పొందెను. నేల రాపిడిని టైరు భరించును. గాలిని ట్యూబు పట్టియుంచును. రబ్బరు గుండ గాలి అతి మెల్లగా బయటికి పోవుచునే యుండును. కావున కొన్ని వారములు వాడని సైకిలు చక్రము మెత్తబడినంతమాత్రమున పంక్చరని తలపరాదు. గాలి కొట్టి, ఒక దినము వేచి చూడవలయును.

ఇక కొలతలు. టైరు ప్రక్కభాగమున 37-590 వంటి రెండు సంఖ్యలు అచ్చుపడి యుండును. మొదటిది టైరు వెడల్పు, రెండవది టైరు అంచు కూర్చుండుచోట రిమ్ము యొక్క వ్యాసము, రెండును మిల్లీమీటర్లలోనే. అంగుళముల లెక్క మోసపుచ్చును. 26 × 1 3/8 అను సాధారణపు సైకిలు టైరునకు ఈ వ్యాసము 590. 26 × 1.95 అను లావుపాటి టైరునకు 559. పేరునకు రెండును 26 అంగుళములవే. అయినను వ్యాసమున 31 మిల్లీమీటర్ల భేదము, చుట్టుకొలతలో దాదాపు పది సెంటీమీటర్ల భేదము కలదు. మన పెద్దలు త్రొక్కిన నల్ల సైకిళ్ల 28 × 1 1/2 టైరునకు ఇది 635. నేటి సన్నని 700సి చక్రములకు 622. ట్యూబు పెట్టెపై వెడల్పుల హద్దు కూడ వ్రాయబడియుండును. మీ టైరు వెడల్పు ఆ హద్దులలో నుండవలయును.

వాల్వులును మూడు విధములు. మన సాధారణపు సైకిళ్లకుండునది డన్‌లప్ వాల్వు. మోటారు సైకిళ్లకున్న లావుపాటిది ష్రేడర్. సన్నగా పొడవుగా నుండి, కొనయందు చిన్న మర గలది ప్రెస్టా. ప్రెస్టాకై తొలిచిన రిమ్ము రంధ్రమున ష్రేడర్ దూరదు. పంపు మూతియు వాల్వునకు తగినదై యుండవలయును. లేనిచో ట్యూబుండియు ప్రయోజనము లేదు. డన్‌లప్ వాల్వులో సన్నని రబ్బరు తొడుగొకటి యుండును. దానిని వాల్వుట్యూబందురు. అది యెండకు పగిలినను గాలి నిలువదు. స్వల్పమైన వస్తువే గావున ఒక ముక్కను వెంట నుంచుకొనుట మేలు.

క్రొత్త ట్యూబైనను పరీక్షింపక నమ్మరాదు. టైరు వెలుపలనే, గుండ్రని ఆకారము వచ్చునంతవఱకు మాత్రము గాలి కొట్టి, నీటితొట్టిలో కొంచెము కొంచెముగా ముంచి త్రిప్పవలయును. వాల్వు మొదలును తప్పక ముంచవలయును. బుడగలు రాకున్నచో తుడిచి, ఒక రాత్రి యుంచి, తెల్లవారి చూడవలయును. పిదప గాలి పూర్తిగా తీసి, పౌడరు చల్లి, వాల్వు కొనకు మూత పెట్టి, అది రబ్బరునకు తగులకుండ చుట్టి, ప్రాతమేజోడులోనో గుడ్డసంచిలోనో నుంచవలయును. స్పానరుతో గాని, నూనె తగులు వస్తువులతో గాని కలుపరాదు. ఎండ, వేడి, నూనె రబ్బరునకు శత్రువులు. మడతలు ఒకేచోట నిలిచియుండినచో అక్కడనే చీలును. కావున అప్పుడప్పుడు విప్పి వేఱువిధముగా మడువవలయును. విద్యార్థులు దీనిని మఱవకుండుటకు సులభమైన యుపాయమొకటి కలదు: తమకు త్రైమాసిక, అర్ధసాంవత్సరిక, సాంవత్సరిక పరీక్షలు వచ్చినపుడెల్ల తమ ట్యూబునకును ఒక పరీక్ష పెట్టవలయును.

దారిలో ట్యూబు మార్చునపుడు తొందరపడి క్రొత్తదానిని వేయరాదు. ముల్లు టైరులోనే యున్నచో అది క్రొత్తదానిని గూడ పొడుచును. ప్రాతట్యూబునకు గాలి కొట్టి, రంధ్రము కనుగొని, టైరుతో సరిపోల్చి, ఆ చోటనే ముల్లును వెదకవలయును. టైరు లోపల వ్రేళ్లతో గాక గుడ్డతో తడుముట క్షేమము. ప్రక్కప్రక్కన రెండు గంట్లున్నచో గాలి చాలక రిమ్ముక్రింద నలిగినదని తెలియవలయును. రంధ్రము లోపలివైపున నున్నచో స్పోకు కొనయో, జరిగిన రిమ్ముటేపో కారణము. క్రొత్త ట్యూబునకు కొంచెము గాలి కొట్టి లోనికి పెట్టి, అది టైరు అంచుక్రింద చిక్కుకొనలేదని చుట్టును చూచి, పిదపనే పూర్తిగా గాలి నింపవలయును. చక్రపు నట్లు బిగించి, బ్రేకు చూచుకొని యెక్కవలయును.

ఒక సంగతి తలిదండ్రులకు విన్నవింతుము. చెయినుకవరు, స్టాండు గల సాధారణపు సైకిలు వెనుకచక్రమును దారిలో ఊడదీయుట పిల్లలకు కష్టము. షాపువారు చక్రము తీయకయే ట్యూబును ప్రక్కనుండి లాగి అతుకు వేయుదురు. కావున అట్టి సైకిలు గల పిల్లలకు ట్యూబుతోపాటు సొల్యూషను, అతుకులు, గరుకుకాగితము, రెండు టైరు లివర్లు, చిన్న పంపు ఇచ్చి, ఇంటియొద్దనే ఒకపరి అతుకు వేయించి నేర్పుడు. పరీక్షదినములలో మాత్రము ఏ ట్యూబును నమ్మి యాలస్యము చేయక, చేతిలో ఆటో బాడుగకు డబ్బు పెట్టి పంపుడు.

ఆ బాలుడు పరీక్షలో ఉత్తీర్ణుడైనాడు. సెలవులలో మాయొద్దకు వచ్చి, తన సైకిలు ట్యూబుకు తానే అతుకు వేసి చూపెను. మా సంచిలో నిపుడు రెండు ట్యూబులున్నవి: 559 ఒకటి, 590 ఒకటి. రెండింటిపైనను పరీక్షించిన తేదీ వ్రాసి చీటీ కట్టియున్నాము. సైకిలు గల విద్యార్థులు ఈ సంచికను మూసినవెంటనే తమ సంచి విప్పి, అందలి ట్యూబును నీటిలో ముంచి చూతురుగాక. బుడగ లేచినచో విచారింపకుడు. అది దారిలో గాక యింటియొద్దనే కనబడినందుకు సంతసింపుడు.