నట్‌క్రాకర్ హార్లెం చేరిన వేళ

క్రిస్మస్ రాత్రి. ఇల్లంతా పిల్లలతో, మనుమలతో కళకళలాడుతోంది. ఆ సందడి నడుమ ఒక వృద్ధురాలు మాత్రం గతించిన భర్తను తలచుకొంటూ ఒంటరిగా ఉంది. ఆమె పేరు క్లారా.

‘నట్‌క్రాకర్’ బాలే ఎరిగినవారు ఈ పేరు వినగానే ఒక చిన్నారి బాలికను ఊహించుకొంటారు. అక్రోటుకాయలు పగులగొట్టే చెక్క సైనికుడి బొమ్మ ఆమెకు కానుకగా దొరుకుతుంది. అర్ధరాత్రి ఆ బొమ్మ ప్రాణం పోసుకొని ఎలుకల రాజుతో పోరాడుతుంది. రాకుమారుడిగా మారి ఆమెను మిఠాయిల రాజ్యానికి తీసుకుపోతుంది. జర్మన్ రచయిత హాఫ్‌మన్ 1816లో రాసిన కథ దీనికి మూలం. చైకోవ్‌స్కీ సంగీతంతో 1892లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో అది తొలిసారి రంగస్థలమెక్కింది.

ఆ బాలిక వృద్ధురాలు ఎలా అయింది? ఆ మార్పు మొదట సంగీతంలో వచ్చింది.

1960లో అమెరికన్ జాజ్ విద్వాంసుడు డ్యూక్ ఎలింగ్టన్, ఆయన సహచరుడు బిల్లీ స్ట్రేహార్న్ కలిసి చైకోవ్‌స్కీ స్వరాలను తమ వాద్యబృందానికి అనుగుణంగా తిరిగి రచించారు. నేను అనువాదకుణ్ణి. మక్కికి మక్కి దించడానికీ, మూలాన్ని జీర్ణించుకొని తన భాషలో పలకడానికీ ఎంత దూరమో ఆ రికార్డు వింటే బోధపడుతుంది. చక్కెర దేవకన్య నృత్యానికి చైకోవ్‌స్కీ చిరుగంటల్లా మోగే చెలెస్టా వాద్యాన్ని ఎన్నుకొన్నాడు. అదే స్వరాన్ని వీరు మందగతిలో సాగే డ్రమ్ముల దరువు మీద టెనర్ శాక్సఫోన్‌కు అప్పగించారు. దేవకన్య కాస్తా రాత్రివేళ హొయలుగా నడిచివచ్చే నాగరిక యువతి అయింది. పేరు కూడా ‘షుగర్ రమ్ చెర్రీ’గా మారింది. రాగం అదే, ఊరు వేరు.

ఆ ఊరే న్యూయార్కులోని హార్లెం. 1996లో నృత్యదర్శకుడు డొనాల్డ్ బర్డ్ ఈ సంగీతం ఆధారంగా ‘హార్లెం నట్‌క్రాకర్’ రూపొందించాడు. ఎలింగ్టన్ కూర్పు పూర్తి బాలేకు చాలదు కనుక, డేవిడ్ బర్జర్ అదే బాణీలో మిగిలిన భాగాన్ని సమకూర్చాడు. ఇందులో క్లారా నల్లజాతి కుటుంబానికి పెద్దదిక్కు. నట్‌క్రాకర్ రూపంలో వచ్చేది మరణించిన ఆమె భర్త. ఎలుకల రాజు స్థానంలో పొంచి ఉన్నది మృత్యువు. మిఠాయిల రాజ్యం ‘క్లబ్ స్వీట్స్’ అనే జాజ్ నృత్యశాల అయింది. అక్కడ ఆ దంపతుల యౌవనం తిరిగి వికసిస్తుంది. బాలిక కన్న కల, వృద్ధురాలి జ్ఞాపకంగా మారింది.

ఈ మార్పు వెనుక ఒక చేదు చరిత్ర ఉంది. 1927 నుంచి 1931 వరకు ఎలింగ్టన్ హార్లెంలోని కాటన్ క్లబ్‌లో వాయించి ఖ్యాతి గడించాడు. వేదిక మీద వాయించేవారు, ఆడేవారు నల్లవారు. బల్లల ముందు కూర్చుని చూసేవారు మాత్రం తెల్లవారు. తమ పేటలోని క్లబ్‌లోనే నల్లవారు అతిథులుగా కూర్చునే వీలు లేదు. బర్డ్ కల్పించిన క్లబ్‌లో క్లారా, ఆమె భర్త గౌరవనీయులైన అతిథులు. చరిత్ర మూసిన తలుపును కథ తెరిచింది.

ఎలింగ్టన్, స్ట్రేహార్న్‌లలో ఎవరూ ఈ బాలేను చూడలేదు. 1967లో స్ట్రేహార్న్, 1974లో ఎలింగ్టన్ కన్నుమూశారు. భారీ వ్యయంతో కూడిన ఆ ప్రదర్శన కొన్ని శీతకాలాలు మాత్రమే సాగింది. 2002లో బర్డ్ నృత్యబృందమే మూతపడింది.

పాత కథను మార్చితే చెడిపోతుందని భయపడేవారు ఉన్నారు. కానీ హాఫ్‌మన్ కథ బాలే అయినప్పుడే మారింది. జాజ్‌లో మరోసారి మారింది. ప్రతి మార్పుతోనూ అందులోకి కొత్తవారు వచ్చి చేరారు. అంతవరకు వాకిట నిలబడినవారికి కూడా లోపల చోటు దొరికిన కథే చిరకాలం బ్రతుకుతుంది.