కారు మలుపు – వెనుక ఇరుసు

మన కూచిపూడి ప్రాంతమున కాలువగట్ల వెంబడి పోవు త్రోవలు పెక్కు గలవు. గట్టు తిరిగినచోట త్రోవయు తిరుగును. అట్టి మలుపున కారును నిలుపునవి ముందుచక్రములు మాత్రమే యని పలువురు తలంతురు. వెనుకచక్రముల పనియు నంతియే కలదు.

2014 వఱకు తయారైన అంబాసిడరు కారును తలంచుకొనుడు. దాని వెనుకచక్రములు రెండును, ఎద్దుబండికివలె, ఒకే ఇరుసునకు చేరియుండును. ఇరుసుపై ఇరుప్రక్కల ఉక్కుకమానులు కారు బరువును మోయును.

మలుపున బరువు వెలుపలివైపునకు ఒరగును. ఆవైపు కమాను అణగును, లోపలిది విచ్చును. కమాను ముందుకొనను బిగించినచోటు ఇరుసుకంటె ఎత్తుననున్నచో, వెలుపలి చక్రము వెనుకకును లోపలిది ముందునకును జరిగి, ఇరుసు వంకరయగును. కారు వెనుకభాగము వెలుపలికి పోజూచును. ఆ చోటు దిగువనున్నచో ఫలము తాఱుమాఱై కారు నిలుకడగా తిరుగును.

వెనుకచక్రములు దేనికది కదలు కార్లును గలవు. ఒకటి గోతిలో పడినను రెండవది చలింపదు. అయినను అమరిక కుదురవలెను. 1960 నమూనాగా అమెరికాలో వచ్చిన కోర్వెయిరు కారున, తీవ్రమైన మలుపులందు వెలుపలి చక్రము లోనికి మడగునని విమర్శ కలిగెను. 1965 నమూనాలో ఆ యమరికను మార్చిరి.

ఏ కారైనను, మలుపు నడుమ గట్టిగా బ్రేకు వేసినచో బరువు ముందునకు పోయి, వెనుకచక్రముల పట్టు సడలును. కావున వేగమును మలుపునకు ముందే తగ్గింపవలెను. తరంగమున పళ్లెపుటంచుపై నిలిచిన నర్తకుడు తన బరువు ఎచ్చట నున్నదో యెఱిగియే కదలును. కారు తోలు మీ మనుమలకు ఈ మాట చెప్పుడు.