గడప దాటడమే తొలి సాహసం

సాహసం అనగానే మనకు కొండలెక్కడం, సముద్రాలు ఈదడం గుర్తొస్తాయి. ఆడవాళ్ల విషయంలో అంత దూరం పోనక్కర్లేదు. ఒక్కోసారి సొంతింట్లో వాళ్లకి ఎదురు నిలబడటమే అన్నిటికన్నా పెద్ద సాహసం. అది తెలియాలంటే మల్లు స్వరాజ్యం గారి జీవితం చూడాలి.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు పాతతరం వాళ్లని ఎవరినడిగినా ఆమె తుపాకీ గురించే ముందు చెప్తారు. నాకు మాత్రం అంతకుముందు ఆమె పంచిన బియ్యమే గొప్పగా అనిపిస్తుంది.

స్వరాజ్యం గారు 1931లో, ఇప్పటి సూర్యాపేట జిల్లా కర్విరాల కొత్తగూడెంలో, భూస్వాముల కుటుంబంలో పుట్టారు. అది నిజాం కాలం. ఊళ్లో పేదవాళ్లు దొరల ఇళ్లల్లో, పొలాల్లో కూలి లేకుండా చాకిరీ చేసేవాళ్లు. దాన్నే వెట్టి అన్నారు. పండించేదీ వాళ్లే, దంచేదీ వాళ్లే. తినేందుకు మాత్రం గింజలుండవు.

వెట్టి పోవాలని ఆంధ్ర మహాసభ పిలుపునిచ్చింది. అప్పటికి స్వరాజ్యానికి పదకొండేళ్లు. ఇంటి కట్టుబాటు కాదని, వెట్టి చేస్తున్న వాళ్లకి తమ బియ్యమే పంచిపెట్టింది. ఆలోచించండి! అన్యాయం పక్కింట్లో జరుగుతుంటే అందరం మాట్లాడతాం. మన గాదెలోనే, మన వంటింట్లోనే ఉంటే? అక్కడ నోరు విప్పడానికి ఎంత ధైర్యం కావాలి!

గోర్కీ రాసిన ‘అమ్మ’ నవల చిన్న వయసులోనే ఆమె మనసును పట్టుకుంది. అన్న భీమిరెడ్డి నరసింహారెడ్డి గారితో పాటు ఆమె కూడా ఉద్యమంలోకి నడిచింది. ఊరూరా తిరిగి వెట్టి బాధల మీద ఉయ్యాల పాటలు పాడింది. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ మనం పాడుకునే వరసే కదా అది! ఉపన్యాసానికి రాని ఆడవాళ్లు కూడా పాటకి వస్తారు.

తర్వాత దళంలో చేరి తుపాకీ పట్టింది. అడవి జీవితంలో ఆమె పేరు రాజక్క. ఆమెను పట్టిస్తే పదివేల రూపాయల బహుమతి అని ప్రకటించారు. ఆ రోజుల్లో పదివేలంటే మాటలా! అప్పటికి ఆమెకింకా ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసింది. పోరాటం మాత్రం 1951 అక్టోబరు దాకా సాగింది.

మరి తుపాకీ దించాక ఏమైంది? ఈ ప్రశ్న మనం తక్కువగా అడుగుతాం. ఆ పోరాటంలో నడిచిన ఆడవాళ్లలో చాలామంది మళ్లీ వంటింటికే చేరారు. వాళ్లు చెప్పిన సంగతులు రాసుకుని స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అనే పుస్తకం వేసింది. పేరులోనే ఉంది చూడండి మన వెలితి.

స్వరాజ్యం గారు పెళ్లి చేసుకున్నారు, పిల్లల్ని పెంచారు. బయటి పని మాత్రం మానలేదు. 1978లో, మళ్లీ 1983లో తుంగతుర్తి నుంచి శాసనసభకు గెలిచారు. అన్నగారు మిర్యాలగూడ నుంచి 1971, 1984, 1991లలో లోక్‌సభకు వెళ్లారు. ముసలితనంలోనూ ఆమె మీటింగులకు పోయేవారు, గొంతు తగ్గించకుండా మాట్లాడేవారు. 2019లో ఆమె ఆత్మకథ ‘నా మాటే తుపాకీ తూటా’ వచ్చింది. 2022 మార్చి 19న హైదరాబాద్‌లో కన్నుమూశారు.

ఎవరో కూచుని అడిగారు, ఆమె చెప్పారు, అది పుస్తకమై మిగిలింది. అడిగేవాళ్లు లేక మట్టిలో కలిసిపోయిన కథలెన్నో!

మన ఇంట్లో అమ్మమ్మో, నాయనమ్మో తుపాకీ పట్టి ఉండకపోవచ్చు. కానీ ఎక్కడో ఒకచోట, ఎవరికో ఒకరికి ‘నేను చెయ్యను’ అని చెప్పే ఉంటుంది. బిడ్డను బడికి పంపడానికో, ఆకలిగొన్నవాళ్లకి గుప్పెడు గింజలు పెట్టడానికో ఇంటిల్లిపాదితో పోట్లాడే ఉంటుంది. మధ్యాహ్నం పనులయ్యాక పక్కన కూచుని అడగండి. పిల్లల పాత నోటుబుక్కులో నాలుగు ఖాళీ పేజీలుంటే చాలు, ఆమె చెప్పింది చెప్పినట్టే రాసిపెట్టండి. రేపు కాదు, ఆమెకు ఇంకా గుర్తున్నప్పుడే.