చేసింది చేసినట్లే

తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లు పారే సింధనూరు, మాన్వి తాలూకాలలో వరి పండించే రైతుకు పహాణీ ఎంత ముఖ్యమో అందరికీ తెలిసినదే. పొలం ఎవరిది, విస్తీర్ణం ఎంత, ఏ పంట వేశారు అన్న వివరాలు అందులో ఉంటాయి. బ్యాంకులో పంట అప్పు కావాలన్నా అదే ఆధారం. ఒకప్పుడు గ్రామ లెక్కాధికారి దానిని చేతితో రాసి ఇచ్చేవాడు. 2000 ప్రాంతంలో కర్ణాటక ప్రభుత్వం 'భూమి' పథకం కింద సుమారు 67 లక్షల మంది రైతుల పహాణీలను కంప్యూటర్లలోకి ఎక్కించింది. అప్పట్లో తాలూకా కచేరీలో 15 రూపాయలు చెల్లిస్తే అచ్చు ప్రతి చేతికి వచ్చేది. తరువాత ఇంటర్నెట్‌లోనూ చూసుకొనే వీలు కలిగింది.

ఇలాంటి పుటలో జిల్లా, తాలూకా, హోబళి, గ్రామం ఒకదాని తరువాత ఒకటి ఎంచుకొని, సర్వే నంబరు నింపి, మీట నొక్కాలి. దీని వెనుక పనిచేసే ఆదేశాల సముదాయమే సాఫ్ట్‌వేర్. అందులో ఒకచోట మార్పు చేస్తే, అంతవరకు సరిగా ఉన్నది మరొకచోట చెడిపోవచ్చు. 47వ సర్వే నంబరు అడిగితే 74వ నంబరు వివరాలు వచ్చాయనుకుందాం. రైతుకు అప్పు దొరకదు; నాట్ల అదును దాటిపోతుంది. కనుక మార్పు చేసిన ప్రతిసారీ మొదటి నుంచి పరీక్షించాలి. ఒకే పనిని వందసార్లు చేసే మనిషికి విసుగు పుడుతుంది. విసుగు పుట్టిన కన్ను తప్పును దాటవేస్తుంది.

ఈ పనిని యంత్రానికే అప్పగించే పద్ధతి ఒకటి ఉంది. పరీక్షించే వ్యక్తి ఒక్కసారి పని చేసి చూపుతాడు. రికార్డు చేసే ప్రోగ్రాం అతడు నొక్కిన ప్రతి మీటను, నింపిన ప్రతి గడిని వరుసగా రాసుకొంటుంది. "గ్రామం ఎంచు", "సర్వే నంబరు గడిలో 47 నింపు", "చూపు మీట నొక్కు" అని ఆ జాబితా సాగుతుంది. మళ్లీ ఆడిస్తే, టేపురికార్డరు పాట వినిపించినట్లు, అదే వరుసలో ఆ పనులన్నీ జరుగుతాయి. అయితే ఇంతమాత్రాన పరీక్ష కాదు. "తెరపై 47 కనిపించాలి" అన్న షరతును కూడా చేర్చాలి. లేకపోతే అది ప్రశ్నలు అడిగి జవాబులు వినని ఉపాధ్యాయుని వంటిదే!

1990లలోనే మెర్క్యురీ ఇంటరాక్టివ్ సంస్థ 'విన్‌రన్నర్' ఇలా పనిచేసేది. 2004లో చికాగోలో థాట్‌వర్క్స్ సంస్థకు చెందిన జేసన్ హగిన్స్ 'సెలీనియం' అనే సాధనాన్ని తయారుచేశాడు. మెర్క్యురీ అంటే పాదరసం. పాదరసపు విషానికి సెలీనియం విరుగుడు అన్న చమత్కారం ఆ పేరులో ఉంది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులో చేసిన పనులను రికార్డు చేసే 'సెలీనియం ఐడిఈ'ని జపానుకు చెందిన షిన్యా కసతాని రూపొందించి, 2006లో అందరికీ ఉచితంగా అందించాడు.

మీట తెరపై ఎక్కడ ఉన్నదో కొలిచి గుర్తుంచుకొంటే, అది కాస్త పక్కకు జరిగినా పరీక్ష విఫలమవుతుంది. మీట మీది మాటతో గుర్తించినా చిక్కే; పుట కన్నడం నుంచి ఇంగ్లీషుకు మారితే ఆ మాట ఉండదు. అందువల్ల తెరపై కనిపించని లోపలి పేరుతో గుర్తించడం మేలు. మరొక ఇబ్బంది కాలానిది. హోబళి ఎంచుకొన్నాక గ్రామాల జాబితా రావడానికి కొన్ని క్షణాలు పడుతుంది. మనిషి అది వచ్చేదాకా ఆగుతాడు. యంత్రం ఆగదు. రికార్డయిన వరుస మధ్యలో "జాబితా వచ్చేదాకా ఆగు" అన్న ఆదేశాన్ని పరీక్షించే వ్యక్తే తన చేతితో చేర్చవలసి ఉంటుంది.