‘ల’ అక్షరంతో ఆడపిల్లల పేర్లు

తెలుగు కుటుంబాల్లో చాలామంది బిడ్డ పేరులోని తొలి అక్షరాన్ని జన్మనక్షత్రాన్ని బట్టి ఎంచుకుంటారు. పంచాంగం ప్రకారం అశ్విని నాలుగో పాదానికి ‘లా’, భరణి నాలుగు పాదాలకు వరసగా ‘లీ, లూ, లే, లో’ వస్తాయి. బారసాల నాడు పళ్లెంలో పోసిన బియ్యంలో ఆ పేరు రాస్తారు.

‘ల’ పేర్లలో ఎక్కువ సంస్కృతం నుంచి వచ్చినవే. లలిత అంటే సుకుమారి; లత, తీగ; లీల, క్రీడ; లోచన, కన్ను; లిఖిత, రాయబడినది. లావణ్యకు మూలం లవణం. వంటకు ఉప్పులా రూపానికి వచ్చే మెరుగే లావణ్యం.

లేపాక్షి ఆలయం ఈ పేర్లలో రెండింటిని గుర్తుచేస్తుంది. లాస్య అన్న పేరు పార్వతీదేవికి చెందినదిగా చెప్పే సుకుమార నృత్యం, లాస్యం నుంచి వచ్చింది. 16వ శతాబ్దంలో విజయనగర కాలంలో కట్టిన ఇక్కడి నాట్యమంటపంలో రంభ నాట్యాన్ని, వాద్యాలు వాయించే దేవతలను స్తంభాలపై చెక్కారు. లోపాముద్ర అగస్త్యుడి భార్య, ఋగ్వేదం మొదటి మండలం 179వ సూక్తంలో వినిపించే ఋషిక. లేపాక్షిలోని పాపనాశేశ్వర లింగాన్ని అగస్త్యుడే ప్రతిష్ఠించాడని స్థల పురాణం.

లాటిన్ అమెరికా కుటుంబాల్లోనూ ‘ల’ పేర్లకు ఆదరణ ఉంది. లూస్, లూసియా పేర్లకు వెలుగు, లూనాకు చంద్రుడు, లారాకు లారెల్ చెట్టు మూలం. బాధలు అనే అర్థమున్న డోలోరెస్‌కు ముద్దుపేరు లోలా; ఆ పేరు కన్య మేరీ శోకాలను స్మరిస్తూ పెట్టేది.