సున్నను సున్నతో భాగిస్తే?

పిల్లలూ, పన్నెండును మూడుతో భాగిస్తే నాలుగు. మూడు నాలుగులు పన్నెండు కనుక లెక్క సరిపోయింది. మరి సున్నను సున్నతో భాగిస్తే ఎంత? అయిదు అనండి, సున్నను అయిదుతో హెచ్చిస్తే సున్నే కదా, సరిపోయింది! నూరు అన్నా సరిపోతుంది. ఏ సంఖ్య చెప్పినా సరిపోయేటప్పుడు ఇదీ జవాబు అని నిశ్చయించటానికి వీలులేదు. 628లో బ్రహ్మగుప్తుడు దీని విలువ సున్న అన్నాడు. ఇప్పటి గణితజ్ఞులు దీనిని ‘అనిర్ధార్య రూపం’ అంటారు.

అయితే, ఆ సున్నలు ఎలా వచ్చాయో తెలిస్తే ఒక్కొక్కప్పుడు జవాబు దొరుకుతుంది.

రెండు తొట్లలోని నీటిని పంపులతో తోడుతున్నారనుకోండి. పెద్ద తొట్టిలోంచి నిమిషానికి 12 లీటర్లు, చిన్న తొట్టిలోంచి 3 లీటర్లు పోతున్నవి. సరిగ్గా పది గంటలకు రెండూ ఖాళీ అవుతాయి. పది గంటలకు వచ్చి చూసినవాడికి రెండు సున్నలే కనిపిస్తాయి. ఒక నిమిషం ముందు వచ్చినవాడికి 12 లీటర్లు, 3 లీటర్లు కనిపిస్తాయి. అంటే నాలుగు రెట్లు. అర నిమిషం ముందు వస్తే 6, ఒకటిన్నర. అదీ నాలుగు రెట్లే. ఒక్క సెకను ముందు చూసినా అంతే! నీళ్ళు ఎన్ని మిగిలాయని అడగక, ఎంత వేగంగా తగ్గుతున్నాయని అడిగితే జవాబు 4 అని తెలిసిపోతుంది.

వేగం క్షణక్షణానికీ మారుతుంటే? అప్పుడు ఆ చివరి క్షణంలోని వేగం తెలిస్తే చాలు. మార్పు వేగాన్ని కనిపెట్టే విద్యే కలనగణితం. ఆ వేగం పేరు అవకలజం.

ఇప్పుడొక లెక్క. ఒక సంఖ్య వర్గంలోంచి 4 తీసివేయండి. అదే సంఖ్యలోంచి 2 తీసివేయండి. మొదటిదానిని రెండవదానితో భాగించండి. సంఖ్య 2 అయితే పైనా క్రిందా సున్నలే. సంఖ్య 2.1 అయితే 0.41ని 0.1తో భాగించగా 4.1 వస్తుంది. 2.01 అయితే 4.01. 2.001 అయితే 4.001. జవాబు 4కు చేరువవుతున్నది. ఇలా చేరువయ్యే విలువనే ‘అవధి’ అంటారు. వర్గం యొక్క అవకలజం ఆ సంఖ్యకు రెట్టింపు. 2 దగ్గర అది 4. తీసివేసిన సంఖ్యలు మారవు కనుక వాటి వేగం సున్న. క్రిందిదాని అవకలజం 1. నాలుగును ఒకటితో భాగిస్తే నాలుగే!

ఒక జాగ్రత్త. రెండు సున్నలు రానిచోట ఈ పద్ధతి పనికిరాదు. ఒక సంఖ్యకు 3 కలిపి, అదే సంఖ్యకు 1 కలిపినదానితో భాగిస్తే, 1 దగ్గర జవాబు 2. అవకలజాలను భాగిస్తే 1 వస్తుంది. అది తప్పు.

ఈ సూత్రాన్ని ఫ్రాన్సు దేశపు ప్రభువు లోపితాల్ 1696లో తన పుస్తకంలో అచ్చు వేశాడు. దానికి ఆయన పేరే నిలిచింది. కాని కనిపెట్టినవాడు స్విట్జర్లండు గణితజ్ఞుడు యోహాన్ బెర్నూలీ. కనిపెట్టిన సంగతులు తనకు తెలిపితే ఏటా 300 లివ్రులు ఇస్తానని 1694లో లోపితాల్ వ్రాయగా ఆయన ఒప్పుకున్నాడు. 1704లో లోపితాల్ మరణించిన తరవాత, ఆ సూత్రం తనదేనని బెర్నూలీ చాటాడు. చాలామంది నమ్మలేదు. 1955లో ఆయన ఉత్తరాలు అచ్చయినప్పుడు, 1694 నాటి ఉత్తరంలో ఆ సూత్రం కనిపించింది!

ఇక మీ వంతు. వర్గంలోంచి 9, సంఖ్యలోంచి 3 తీసివేసి భాగించండి. 3.1, 3.01, 3.001 వేసి చూడండి. జవాబు ఎటు నడుస్తున్నది? సూత్రమూ అదే చెబుతున్నదా?